రెండో గ్యాస్కెట్

ఏప్రిల్ 9

ఇవాళ కాలరెగరేసుకునే రోజు. రాసుకోకపోతే ఎలా?

ఎండలు ముదిరితే చాలు, మామయ్య కారు మొండికేస్తుంది. డ్రైవింగ్ స్కూలు కారు కదా, పొద్దున్నుంచి ఒకరి తర్వాత ఒకరు ఎక్కి ఫస్టు గేరులోనే ఊరంతా ఈడుస్తారు. మధ్యాహ్నానికి ఇంజన్ కాలి, దానికి బిగించిన మ్యానిఫోల్డ్ కూడా పెనంలా తయారవుతుంది. ఇంజన్ పీల్చే గాలంతా ఆ గొట్టాల్లోంచే వెళ్లాలి. వేడిగాలి పీల్చిన బండి సిగ్నల్ దగ్గర రొప్పి రొప్పి ఆగిపోతుంది. నేర్చుకునేవాళ్లు తమదే తప్పనుకుని ఏడుపు మొహం పెడతారు. వాళ్లది కాదని చెప్పలేక మామయ్య వాళ్లనే తిడతారు.

అందుకని రెండిటికీ మధ్య వేడి ఎక్కనివ్వని గ్యాస్కెట్ వేశాను. కొన్నది కాదు, ఈ మోడల్‌కి దొరకదు. పాత స్విచ్‌బోర్డు బేకలైట్ పలక కోసి, కంతలు చేసి, అంచులు ఆకురాయితో నున్నగా రాశాను. నా షెడ్డులో, నా చేత్తో.

"ఏమిటయ్యా ఇది?" అన్నారు మామయ్య.

"గిన్నెకి పిడి ఉంటుంది చూడండి, అదే మామయ్యా. గిన్నె కాలినా పిడి కాలదు."

సాయంత్రం పాఠాలన్నీ అయ్యాక తిన్నగా షెడ్డుకే వచ్చారు. బానెట్ ఎత్తి మ్యానిఫోల్డ్ మీద అరచెయ్యి ఆనించి అలాగే ఉంచారు. "శభాష్ అల్లుడూ" అన్నారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నోట "పర్లేదు" కన్నా పెద్ద మాట నాకు దొరకలేదు. పక్కనే ఉన్న కొత్త శిష్యుడితో "మా అల్లుడు చేశాడు, పెట్టి చూడు చెయ్యి" అని కూడా అన్నారు. నేను వినిపించుకోనట్టు స్పానర్లు సర్దుకున్నాను. సర్దినవే మళ్లీ సర్దాను.

ఏప్రిల్ 12

ఒకటేస్తేనే ఇంత తేడా అయితే, రెండేస్తే?

ఏప్రిల్ 15

రెండోది కూడా కోసి మొదటిదాని మీద వేశాను. బోల్టులు అందలేదు, పొడుగువి తెచ్చాను. మ్యానిఫోల్డ్ ఇంకాస్త బయటికి జరిగింది. దానితోపాటు యాక్సిలరేటర్ తీగ లాగే లివరు కూడా జరిగింది. పక్కనే నీళ్ల పైపుకి ఒక క్లిప్పుంది. దాని స్క్రూ తల లివరుకి కొంచెం దగ్గరగా ఉంది. తగల్లేదు. చేత్తో లివరు లాగి చూశాను. చూశాను.

పెడల్ మీద ఎవరినైనా కూర్చోబెట్టి, అడుగంటా తొక్కించి చూడటం పద్ధతి. మామయ్య తొందర పెడుతున్నారు, బయట శిష్యురాలు నిలబడి ఉంది. రేపు చూస్తాను.

వేడి మాత్రం నిజంగా తగ్గింది. ఈసారి మామయ్య "శభాష్" అనలేదు. "ఇంకా చల్లగా ఉందే" అన్నారు. అదీ బాగానే ఉంది.

ఏప్రిల్ 24

అత్తయ్య కాలు విరిగింది. మోకాలి కింద, రెండు చోట్ల.

పొద్దున ఇంటి ముందు రోడ్డు తవ్వుతున్నారని కారు లోపల పెట్టుకోబోయారట మామయ్య. ఆ గేటు ముందు ర్యాంపు నిటారుగా ఉంటుంది, గట్టిగా తొక్కితే తప్ప ఎక్కదు. రోజూ బయటే పెట్టేది అందుకే. అత్తయ్య గేటు తీసి రెక్క పట్టుకుని పక్కన నిలబడింది. కారు ర్యాంపెక్కి ఆగకుండా దూకింది. గేటు రెక్కని గుద్దింది, రెక్క ఆవిడ కాలిని గోడకేసి కొట్టింది.

ఆసుపత్రి వరండాలో మామయ్య చొక్కా గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకుని ఉన్నారు. "బ్రేకే తొక్కాను. బ్రేకే తొక్కాను" అంటున్నారు, వచ్చిన ప్రతివాళ్లతోనూ. ఎముకల డాక్టరుతోనూ అదే అన్నారు. ఊరంతా 'క్లచ్ మాస్టారు' అని పిలిచే మనిషి అలా బతిమాలుతున్నట్టు మాట్లాడటం చూడలేకపోయాను.

అప్పుడు నేనన్నాను. ఓదార్పుగానే అన్నాను. "ఇన్నేళ్లూ పక్క సీట్లోనే కదా మామయ్యా కూర్చున్నది. నేర్పేవాళ్ల వైపు ఉండేవి క్లచ్చూ బ్రేకూ రెండే, అక్కడ కుడి చివర ఉండేది బ్రేకు. డ్రైవరు సీట్లో కుడి చివర ఉండేది యాక్సిలరేటర్. కాలు అలవాటు కొద్దీ కుడి చివరికి పోయుంటుంది. ఎవరికైనా జరుగుతుంది."

ఎంత బాగా అతికిందో ఆ మాట. డాక్టరు తలూపాడు. మా ఆవిడ తండ్రి భుజం మీద చెయ్యేసి "అంతే నాన్నా, అలవాటు" అంది. మామయ్య తన కుడికాలి వంక చూసుకున్నారు. ఆ తర్వాత బ్రేకు మాట ఎత్తలేదు.

ఏప్రిల్ 25

రాయడానికేమీ లేదు.

ఏప్రిల్ 26

కారు షెడ్డుకి లాక్కొచ్చారు. బంపరు, ఒక దీపం, బానెట్ మూల పోయాయి. మామయ్య వేరే షెడ్డుకి ఎందుకు ఇస్తారు?

లోపల అంతా బాగానే ఉంది.

పైపు క్లిప్పు స్క్రూ లివరు వైపు తిరిగి ఉంటే కిందికి తిప్పాను. ఎవరైనా తిప్పుతారు. స్క్రూ తల మీద కొత్తగా, మెరుస్తూ ఒక గీత ఉంది. పాత బండి, గీతలు లేకుండా ఎలా ఉంటాయి?

ఏప్రిల్ 28

ఇన్సూరెన్స్ సర్వేయరు వచ్చాడు. ఫొటోలు తీసుకున్నాడు. బానెట్‌లోకి వంగి, "యాక్సిలరేటర్ ఎక్కడా పట్టుకోవట్లేదు కదా?" అన్నాడు.

"లేదండీ. తొక్కి చూడండి."

తొక్కి చూశాడు. సాఫీగా వెళ్లింది, సాఫీగా వచ్చింది. "పెద్దాయన కదా, పాపం, కంగారు పడి ఉంటాడు" అన్నాడు.

నేను అబద్ధం చెప్పలేదు. ఆ నిమిషానికి ఎక్కడా పట్టుకోవట్లేదు.

మే 3

అత్తయ్యని ఇంటికి తెచ్చారు. ముందుగదిలో మంచం వేశారు. మామయ్య వంటింట్లో ఉన్నారు! గ్లాసు ఎక్కడుందో, పంచదార ఎక్కడుందో తెలియని మనిషి, ఒక్కో డబ్బా మూత తీసి వాసన చూస్తున్నారు. అత్తయ్యకి పళ్లెంలో పెట్టి తెచ్చిచ్చారు. ఆవిడ తినేదాకా పక్కనే నిలబడ్డారు. నీళ్లు, మాత్రలు, దిండు. ఆయన గొంతు పెద్దది. ఇవాళ ఒక్కసారి కూడా లేవలేదు.

"చూశావా బాబూ, కాలు విరిగితే గానీ నాకు మొగుడు దొరకలేదు" అంది అత్తయ్య నవ్వుతూ. "ముందే తెలిస్తే పెళ్లయిన కొత్తలోనే విరగ్గొట్టుకునేదాన్ని."

నేను కూడా నవ్వాను. బాగా నవ్వాను. ఇంటికొస్తూ మా ఆవిడతో "ఒకందుకు మంచిదే అయింది కదా, వాళ్లిద్దరూ ఎప్పుడైనా ఇలా ఉన్నారా?" అన్నాను. మా ఆవిడ నా వైపు అదోలా చూసింది.

మంచిదే అయింది. ఇప్పుడు ఏదో చెప్పి దాన్ని పాడు చెయ్యడం దేనికి?

మే 7

ఇవాళ భోజనాల వేళ షెడ్డు షట్టరు సగం దించాను. క్లిప్పు మళ్లీ ముందు ఎలా ఉందో అలాగే తిప్పాను. డ్రైవరు సీట్లో కూర్చుని ఇంజన్ స్టార్ట్ చేశాను. మామూలుగా తొక్కితే ఏమీ లేదు. పాఠాలు నేర్చుకునేవాళ్లు తొక్కేంత తొక్కితే ఏమీ లేదు. ర్యాంపు ఎక్కడానికి తొక్కేంత తొక్కాను. కాలు తీసేశాను.

ఇంజన్ అరుస్తూనే ఉంది. నా కాలు పెడల్ మీద లేదు. బ్రేకు మీద ఉంది.

తాళం తిప్పి ఆపేశాను. దిగి చూస్తే లివరు అంచు స్క్రూ తల కింద ఇరుక్కుని ఉంది, సరిగ్గా ఆ గీత దగ్గర.

మొదటి గ్యాస్కెట్‌తో ఆగి ఉంటే తగిలేది కాదు. ఇది కొలిచి చూడక్కర్లేదు, అయినా కొలిచాను. రెండోదాని మందమంతే జరిగింది లివరు.

భోజనానికెళ్లిన షెడ్డు కుర్రాళ్లు తిరిగి వస్తున్న చప్పుడైతే భుజాలు తడుముకున్నాను. క్లిప్పు మళ్లీ కిందికి తిప్పాను. చెయ్యి దానంతటదే తిప్పింది.

నేనే చేశాను. ఆసుపత్రిలో ఆ మాటన్నప్పుడు నాకు తెలియదు. ఇరవై ఆరున బానెట్ ఎత్తినప్పుడు తెలుసు. తెలియనట్టు రాసుకున్నాను.

మే 8

చెబుదామని వెళ్లాను. చుట్టాలున్నారు.

మే 9

ఇవాళ చుట్టాలు లేరు. నాకు తలనొప్పిగా ఉంది.

మే 10

తలనొప్పి తగ్గింది. వెళ్లలేదు.

మే 12

మామయ్య షెడ్డుకి వచ్చారు. నడిచి వచ్చారు, గోడ పక్క నుంచి. రోడ్డు దాటేటప్పుడు అటూ ఇటూ చూసి, మళ్లీ చూసి, ఎవరో చెయ్యి పట్టుకుంటే దాటారు. బస్సుల మధ్య నుంచి ఈల వేసుకుంటూ దాటే మనిషి.

"పక్క సీటు పెడల్స్ పీకెయ్ అల్లుడూ. మామూలు కారు చేసి ఎవరికైనా ఇచ్చేద్దాం."

"ఎందుకు మామయ్యా? అత్తయ్య లేచి తిరిగాక మళ్లీ..."

"మళ్లీ ఏమిటి? నా కాలే నా మాట వినకపోతే ఇంకొకడి కాలికి నేనేం చెప్పను? శిష్యులందరి ఇళ్లకీ వెళ్లి చెప్పొచ్చాను. నా వల్ల ఇలా జరిగింది, ఇంకో స్కూలు చూసుకోండని. సోమవారం వెళ్లి లైసెన్స్ కూడా అప్పజెప్పేస్తా."

ఒక్కొక్కళ్ల గుమ్మం ముందు నిలబడి ఆ మాట చెప్పారట. ఒకమ్మాయి ఏడ్చిందట. ఒకాయన లోపలికి రమ్మని కూడా అనలేదట.

"తొందరేముంది మామయ్యా" అన్నాను. అంతే అన్నాను. తొందర లేనిది ఎవరికి?

పెడల్స్ పీకలేదు. స్పానరు దొరకలేదని చెప్పాను. స్పానరు నా జేబులోనే ఉంది.

మే 14

ఇవాళ చూసింది రాయాలి.

మా ఆవిడ అత్తయ్యకి మందులు పంపితే తీసుకెళ్లాను. తలుపు తీసే ఉంది. గుమ్మం దగ్గరే ఆగిపోయాను. మామయ్య నా వైపు వీపు పెట్టి కుర్చీలో కూర్చుని ఉన్నారు. ముందు నేల మీద అత్తయ్య చెప్పుల జత, పక్కపక్కన. ఒకటి బ్రేకు, ఒకటి యాక్సిలరేటర్. కళ్లు మూసుకున్నారు. మంచం మీద అత్తయ్య కట్టు కాలు దిండు మీద పెట్టుకుని కేకేస్తోంది.

"యాక్సిలరేటర్!"

కుడి చెప్పు మీద పడింది ఆయన కాలు.

"బ్రేకు!"

ఎడమ చెప్పు మీద పడింది.

"యాక్సిలరేటర్! యాక్సిలరేటర్! బ్రేకు! యాక్స్... బ్రేకు!" అంది ఆవిడ, మోసం చేద్దామని.

మోసపోలేదు. కాలు గాల్లో ఆగి, ఎడమ చెప్పు మీద వాలింది.

"ఇక చాలండీ. నవ్వొస్తోంది. నవ్వితే కాలు లాగుతోంది."

"ఇంకొక్కసారి. గట్టిగా అరువు. నేను కంగారు పడాలి."

"అరిస్తే కంగారు పడతారా మీరు? ఇన్నేళ్లు అరిచాను, ఎప్పుడైనా పడ్డారా?"

ఆయన నవ్వలేదు. వెనక్కి తిరిగి నన్ను చూశారు. చెప్పులు దాచుకోవాలన్న ఆలోచన కూడా రాలేదు ఆయనకి.

"వారం నుంచి చేస్తున్నా అల్లుడూ. ఒక్కసారీ తప్పట్లేదు. మరి ఆ రోజే ఎందుకు తప్పిందయ్యా?"

మందులు బల్ల మీద పెట్టాను. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో చెప్పాను. అత్తయ్యకి తెలిసిందే మళ్లీ చెప్పాను. వచ్చేశాను.

సందు చివర గోడకి ఆనుకుని కాసేపు నిలబడ్డాను. నన్ను చూస్తే నాకే అసహ్యం వేసింది. ఇన్నేళ్లు పక్క సీట్లో కూర్చున్న కాలు అది. ఎవడు ఎటు తిప్పినా, ఎవడు దేన్ని గుద్దబోయినా, ముందు బ్రేకు మీదకి వెళ్లే కాలు. ఊళ్లో అందరి కాళ్లూ తప్పినా ఆ కాలు తప్పదు. ఆ సంగతి ఆసుపత్రిలోనే నాకు తట్టి ఉండాలి. నాకు తట్టింది ఇంకొకటి.

మే 15

పొద్దున షెడ్డు తెరవలేదు. మా ఆవిడ కాఫీ గ్లాసు చేతికిస్తూ, "మీకేమైంది? పది రోజులుగా మా ఇంటికి వెళ్తారు, చెప్పుల్లో కాలు పెట్టుకునే కూర్చుంటారు, వచ్చేస్తారు. నాన్న మీద కోపమా?" అంది.

"కోపం కాదు."

"అమ్మ కాలు విరగ్గొట్టాడని మీరు కూడా ఆయన్ని..."

"మీ నాన్న విరగ్గొట్టలేదు" అన్నాను.

గ్లాసు గట్టు మీద పెట్టేశాను. "పద, అక్కడే చెప్తాను" అన్నాను. దారంతా ఏమీ అడగలేదు. అడిగి ఉంటే ముందు తనకి చెప్పి, కాస్త తేలికపడి, అక్కడ సగం మింగేసేవాణ్ణే. నా సంగతి నాకన్నా తనకే బాగా తెలుసు.

మామయ్య, అత్తయ్య, మా ఆవిడ. ముగ్గురూ ముందుగదిలోనే ఉన్నారు. నేను నిలబడే చెప్పాను. గ్యాస్కెట్ చెప్పాను, రెండోది చెప్పాను, లివరు, క్లిప్పు, గీత. తొక్కించి చూడకుండా ఇచ్చానని చెప్పాను. క్లిప్పు తిప్పానని చెప్పాను. సర్వేయరుకి ఏం చెప్పానో చెప్పాను. షట్టరు దించి నేనే తొక్కి చూశానని చెప్పాను. ఆఖరికి "మీ కాలు బ్రేకు మీదే ఉంది మామయ్యా" అన్నాను.

తిడతారనుకున్నాను. ఆ పెద్ద గొంతు వింటే బాగుండుననిపించింది. ఆయన మెల్లగా అడిగారు.

"ఒకటేశావు. బాగానే పనిచేసింది. రెండోది ఎందుకేశావయ్యా?"

"మీరు మెచ్చుకున్నారని."

ఆ జవాబు ఆయన ఎదురుచూసినట్టు లేదు.

"ఆసుపత్రిలో ఆ మాటన్నది నువ్వే కదూ? కుడి చివర బ్రేకు, కుడి చివర యాక్సిలరేటర్ అని."

"అప్పటికి నాకు తెలియదు మామయ్యా. నిజంగా తెలియదు."

"తెలిశాక?"

మా ఆవిడ గోడ వైపు తిరిగి నిలబడింది.

అత్తయ్య కాళ్ల మీద పడబోయాను. ఒక కాలు కట్టులో ఉంది, ఎక్కడ చెయ్యి పెట్టాలో తెలియక మంచం కోడు పట్టుకున్నాను. "క్షమించండి అత్తయ్యా" అన్నాను.

ఆవిడ మాట్లాడిన గొంతు నేనెప్పుడూ వినలేదు. అందులో కోపం లేదు, వేళాకోళం లేదు.

"మంచం మీద పడుకున్న మొదటి రోజుల్లో ఈయన మొహం చూస్తే నాకు ఒళ్లు మండిపోయేది బాబూ. నవ్వుతూనే ఉన్నాను, పైకి. నీళ్లు తెచ్చిస్తే విసిరి కొట్టాలనిపించేది. ఎలాగో మనసుకి నచ్చజెప్పుకున్నా. ముసలాయన, కావాలని చేశాడా, పోనీలే, పోనీలే అని. రోజూ ఇంతింత కూడగట్టుకుని ఆయన్ని క్షమించా. ఆయన చెయ్యని తప్పుకి. నా దగ్గరున్నదంతా అక్కడే అయిపోయింది. నీదాకా వచ్చేసరికి నాకేమీ మిగల్లేదు."

మామయ్య లేచి వెళ్లి ఆవిడ పక్కన మంచం అంచున కూర్చున్నారు. ఇద్దరూ నా వైపు చూడలేదు. వాళ్లిద్దరి మధ్య ఏదో జరుగుతోంది, అందులో నాకు చోటు లేదు. మా ఆవిడ "మీరు వెళ్లండి, నేను తర్వాత వస్తాను" అంది.

మే 16

చెబితే బరువు దిగుతుందంటారు. దిగలేదు. నా మీంచి వాళ్ల మీదకి మారిందంతే, అదీ పూర్తిగా కాదు.

మా ఆవిడ ఇంకా అక్కడే ఉంది.

సర్వేయరుకి ఫోన్ చేసి చెప్పాను. రాసి పంపమన్నాడు. పంపాను. రెండు గ్యాస్కెట్లూ తీసేసి కంపెనీదే వేశాను.

మే 17

మామయ్య పొద్దున్నే షెడ్డు ముందుకొచ్చి నిలబడ్డారు. లోపలికి రాలేదు. కారు వైపు చూడలేదు. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వెళ్లాను.

"పద" అన్నారు.

"ఎక్కడికి మామయ్యా?"

"నేను వెళ్లిన ఇళ్లన్నిటికీ."

నడిచే వెళ్లాం. ఆయన ముందు, నేను వెనక. రోడ్డు దాటేటప్పుడు ఆయన ఎవరి చెయ్యీ పట్టుకోలేదు, నా కోసం ఆగనూ లేదు. మొన్న మామయ్యని లోపలికి రమ్మని కూడా అనని ఆయన ఉన్నాడే, ముందు ఆ ఇంటికే తీసుకెళ్లారు. మెట్లెక్కి బెల్లు కొట్టారు. లోపల ఎవరో వస్తున్న చప్పుడైంది. ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియక మామయ్య మొహం వైపు చూశాను, ఏమైనా సాయం చేస్తారేమోనని.

తలుపు తెరుచుకుంది. మామయ్య ఒక అడుగు పక్కకి జరిగారు.